హుస్సేన్‌సాగర్ అడుగుమట్టి: పుప్పొడి చెప్పగల చరిత్ర

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల గతాన్ని రాసేవారు సాధారణంగా కుతుబ్‌షాహీల తోటలతోనో, ఆసఫ్‌జాహీల కాలపు దేవిడీలతోనో, నారాయణగూడకు పేరు తెచ్చిన మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాలతోనో మొదలుపెడతారు. ఫర్మానాలు, శాసనాలు, రెవెన్యూ లెక్కలు, పాత పటాలు పాలకుల గురించీ కట్టడాల గురించీ చాలా చెబుతాయి గాని, ఆ కట్టడాలు లేచిన నేల మీద అంతకుముందు ఏ చెట్లు ఉండేవో, ఏ కాలంలో వానలు తగ్గి ముళ్లపొదలు పెరిగాయో, అడవి ఎప్పుడు పొలమై, పొలం ఎప్పుడు పేట అయిందో వాటిలో దాదాపు కనిపించదు. ఆ సంగతులు వెతకవలసిన చోటు మరొకటి ఉంది. ఈ మూడు పేటలూ హుస్సేన్‌సాగర్ కట్టకు దిగువన, చెరువు అలుగు నీరు మూసీకి చేరే నాలాకు ఇరుపక్కలా, దాని చుట్టుపక్కలా విస్తరించాయి. ఆ చెరువు అడుగున నాలుగున్నర శతాబ్దాలకు పైగా పేరుకున్న పూడిక ఈ ప్రాంతపు చెట్టూచేమకూ, వానకూ, కరువుకూ సంబంధించిన దస్తావేజు. సరస్సుల అడుగుమట్టినీ, అందులో చిక్కుకున్న పుప్పొడినీ చదివి పూర్వకాలపు వాతావరణాన్నీ వృక్షసంపదనూ తెలుసుకునే విద్య ప్రపంచంలో నూరేళ్లకు పైగా సాగుతున్నది. కొండల మీది సరస్సుల్లో పుట్టిపెరిగిన ఆ విద్య దక్కను పీఠభూమిలోని ఒక చెరువు గురించి ఏం చెప్పగలదో, ఎక్కడ తడబడగలదో ఆలోచించడం ఈ పేటల చరిత్రకు అవసరమైన పని.

పుప్పొడి రేణువు మిల్లీమీటరులో నూరో వంతు మొదలు పదో వంతు దాకా ఉంటుంది. దాని లోపలి జీవపదార్థం త్వరగానే నశిస్తుంది గాని, వెలుపలి కవచం స్పోరోపొలెనిన్ అనే పదార్థంతో తయారైనది కావడం వల్ల, గాలి తగలని తడిమట్టిలో పడితే వేల ఏళ్లు, ఒక్కొక్కచోట కోట్ల ఏళ్లు కూడా చెక్కుచెదరకుండా నిలుస్తుంది. ఆ కవచం మీది రంధ్రాలు, గాళ్లు, ముళ్లు, వల వంటి అల్లికలు ఒక్కొక్క మొక్కల కుటుంబానికి ఒక్కొక్క తీరుగా ఉంటాయి: గడ్డిజాతి రేణువుకు ఒకే ఒక రంధ్రం, బంతిపువ్వు కుటుంబపు రేణువుకు చుట్టూ ముళ్లు, నల్లతుమ్మ పుప్పొడి విడిగా రాలకుండా సాధారణంగా పదహారు రేణువులు కలిసిన ముద్దగా రాలుతుంది. ఏటా చెట్లూ గడ్డీ వదిలిన ఈ రేణువుల్లో కొంత భాగం గాలి ద్వారానో, వాగు ద్వారానో సరస్సులోకి చేరి, ఒండ్రుతో పాటు అడుగుకు దిగి, కింద పాతవి, పైన కొత్తవిగా పొరలు కడుతుంది. పొడవైన గొట్టాన్ని అడుగుమట్టిలోకి దించి పైకి లాగినప్పుడు అందులో నిలిచే నిలువు మట్టికడ్డీని శాస్త్రజ్ఞులు కోర్ అంటారు. దానిని సన్నని బిళ్లలుగా కోసి, ఒక్కొక్క బిళ్ల నుంచి సున్నాన్ని హైడ్రోక్లోరికామ్లంతో, ఇసుకనూ బంకమట్టినీ హైడ్రోఫ్లోరికామ్లంతో, మొక్కల పీచును మరికొన్ని రసాయనాలతో కరిగించగా చివరికి మిగిలే పుప్పొడిని సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒక్కొక్క బిళ్లకు కొన్ని వందల రేణువుల చొప్పున గుర్తించి లెక్కిస్తారు. ఏ పొరలో ఏ మొక్క ఎంత శాతమో చూపే పటాలను స్వీడన్ శాస్త్రజ్ఞుడు లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ 1916లో నేటి ఓస్లో నగరంలో ఇచ్చిన ఉపన్యాసంలో పండితలోకం ముందుంచాడు; ఈ విద్యకు ఆధునిక రూపం అక్కడి నుంచే వచ్చిందని చెప్పవచ్చు.

కొండల్లోని సరస్సులకు ఈ పనిలో ప్రత్యేక స్థానం ఏర్పడడానికి కారణం స్పష్టమైనదే. కొండవాలు మీద ఎత్తు పెరిగే కొద్దీ చలి పెరుగుతుంది, చెట్లు ఒక హద్దు దగ్గర ఆగిపోతాయి, ఆపైన గడ్డీ పొదలూ మాత్రమే ఉంటాయి; వాతావరణం కొద్దిగా వేడెక్కినా, వాన కొద్దిగా తగ్గినా ఆ హద్దు పైకో కిందికో జరుగుతుంది, ఆ మార్పు దగ్గరి సరస్సులోని పుప్పొడిలో త్వరగా కనిపిస్తుంది. పైగా అక్కడ మనుషుల జోక్యం తక్కువ. అయితే కొండగాలులు కింది లోయల్లోని దేవదారు, పైన్ చెట్ల పుప్పొడిని చెట్లే లేని ఎత్తులకు కూడా మోసుకుపోతాయి గనుక, సరస్సులో పైన్ రేణువులు దొరికినంత మాత్రాన దాని ఒడ్డున పైన్ అడవి ఉండేదని చెప్పడానికి వీలులేదు. భారతదేశంలో ఈ విద్యకు కేంద్రంగా నిలిచినది బీర్బల్ సాహ్ని 1946లో లక్నోలో స్థాపించిన పురావృక్షశాస్త్ర సంస్థ. 1949 ఏప్రిల్ 3న జవహర్‌లాల్ నెహ్రూ దాని భవనానికి శంకుస్థాపన చేసిన వారానికే సాహ్ని కన్నుమూశాడు గాని, ఆ సంస్థలోని వారూ, వారి దారిలో నడిచినవారూ కాశ్మీరు లోయ నుంచి లడాఖ్ వరకు సరస్సుల అడుగుమట్టిని పరిశీలించారు. లడాఖ్‌లోని సో కార్ సరస్సు కోర్‌లు సుమారు పదిహేను వేల ఏళ్ల కథను చెప్పగా, మంచుయుగం ముగిశాక ఋతుపవనాలు బలపడి, ఆ తరవాత కొన్ని వేల ఏళ్లకు మళ్లీ బలహీనపడిన క్రమం అందులో తెలిసింది.

దక్షిణాదిలో ఇటువంటి సాక్ష్యం నీలగిరుల్లో దొరికింది. అక్కడి లోయల్లో పీటు అనే నల్లమట్టి, అంటే నీటిలో నాని పూర్తిగా కుళ్లకుండా మిగిలిన మొక్కల పదార్థం, వేల ఏళ్లుగా పేరుకుంది. రామన్ సుకుమార్, ఆయన సహచరులు 1993లో ప్రచురించిన పరిశోధనలో ఆ మట్టిలోని కర్బన ఐసోటోపులను కొలిచారు. చెట్లు, వరి వంటి మొక్కలు గాలిలోని కర్బనాన్ని ఒక పద్ధతిలో పట్టుకుంటే, వేడికీ పొడికీ ఓర్చుకునే గడ్డిజాతులు, జొన్న వంటివి మరొక పద్ధతిలో పట్టుకుంటాయి; రెండో రకం మొక్కల్లో బరువైన కర్బనం, అంటే కర్బన-13, పాలు కొంత ఎక్కువగా ఉంటుంది. మంచుయుగపు తీవ్రదశలో నీలగిరులు పొడిబారి ఈ రెండో రకం గడ్డితో నిండాయని, తరవాత తేమ పెరిగి మొదటి రకం మొక్కలు వ్యాపించాయని, మళ్లీ కొన్ని వేల ఏళ్ల కిందట పొడికాలం వచ్చిందని ఆ కొలతలు చూపాయి. నీలగిరుల గడ్డిమైదానాలు మనుషులు అడవులు నరకడం వల్లే ఏర్పడ్డాయనే వాదానికి ఇది గట్టి జవాబు.

తెలుగునేలకు అన్నిటికన్నా దగ్గరి సాక్ష్యం సరస్సులో కాక సముద్రంలో దొరకడం విశేషం. 2006లో భారత జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద బంగాళాఖాతంలో గోదావరి ముఖద్వారానికి ఎదురుగా తవ్వినప్పుడు పైకి వచ్చిన ఒక కోర్‌ను కామిలో పాంటన్, లివియు జోసాన్ తదితరులు పరిశీలించి 2012లో ఫలితాలు వెల్లడించారు. ఆకుల మీది మైనపు పూత నుంచి మిగిలిన పదార్థం నదీజలాలతో కొట్టుకువచ్చి సముద్రగర్భంలో చేరుతుంది. దానిలోని కర్బన ఐసోటోపులను చూస్తే గోదావరి పరీవాహక ప్రాంతంలో ఏ రకం మొక్కలు ఎంత ఉండేవో అంచనా కట్టవచ్చు. సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటి నుంచి పదిహేడు వందల ఏళ్ల కిందటి వరకు పొడినేల మొక్కలు క్రమంగా పెరుగుతూ వచ్చాయని, ఆ తరవాత దేశం లోపలి భాగం ఆ పొడిస్థితిలోనే నిలిచిందని వారు తేల్చారు. అదే కోర్‌పై 2017లో వెలువడిన పరిశోధన, ఈ కాలంలోనే దక్కను నేల ఎక్కువగా కోసుకుపోవడం మొదలైందని, దానికి ఎండిన వాతావరణమే గాక సేద్యమూ కారణమని చూపింది. హైదరాబాద్ నీరు మూసీ ద్వారా కృష్ణలో కలుస్తుంది గనుక గోదావరి సాక్ష్యాన్ని నేరుగా ఈ నగరానికి అతికించకూడదు. అయినా ఉత్తర తెలంగాణంతా గోదావరికే పారుతుంది, రెండు పరీవాహకాలకూ వాన తెచ్చేది ఒకే నైరుతి ఋతుపవనం.

ఈ ఫలితాన్ని పురావస్తుశాస్త్రం పక్కన పెడితే దాని విలువ మరింత తెలుస్తుంది. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరులో ఎఫ్. ఆర్. ఆల్చిన్ 1957లో తవ్విన బూడిదదిబ్బ కొత్తరాతియుగపు పశుపాలకుల దొడ్డి అని, ఏటేటా పేరుకున్న పేడను కాల్చడం వల్ల ఆ దిబ్బ పెరిగిందని తేలింది. దక్కనులో ఆనాటి వారు పండించినవాటిలో అండుకొర్రలు, ఉలవలు, పెసలు ప్రధానమైనవి. మూడూ తక్కువ నీటితో పండేవే. వాన తగ్గుతున్న నేలలో మంద మేపుకుంటూ, మెట్టపంటలు వేసుకుంటూ స్థిరపడిన ఆ జీవనవిధానం, దాని తరవాత ఎన్నో శతాబ్దాలకు చెరువుల రూపంలో వాన నీటిని నిలుపుకొనే నేర్పుగా ఎదిగిందని అనుకోవచ్చు. తెలంగాణలో నిలకడైన పెద్ద సహజ సరస్సులు అరుదు గనుక, ఇక్కడ పుప్పొడిని దాచిన నీళ్లు చాలావరకు మనుషులు కట్టినవే: కాకతీయుల కాలపు పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు ఎనిమిది శతాబ్దాల నాటివి. ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో హుస్సేన్ షా వలీ ఆధ్వర్యంలో 1562లో కట్టిన హుస్సేన్‌సాగర్ వాటి తరవాతి తరానికి చెందినది. 1591లో హైదరాబాద్ నగరానికి పునాది పడేనాటికి చెరువు వయస్సు దాదాపు ముప్పై ఏళ్లు. అంటే దాని అట్టడుగు పొర చెదరకుండా ఉంటే, నగరం లేని కాలపు గాలి వదిలిన పుప్పొడి అందులో ఉండాలి.

ఆ అడుగు పొరల్లో ఏముండవచ్చన్నది ఈ ప్రాంతపు చెట్లను బట్టి ఊహించవచ్చు. హైదరాబాద్ చుట్టూ మనుషుల జోక్యం తక్కువగా ఉన్న గుట్టల మీద ఇప్పటికీ కనిపించేది ఆకురాల్చే పొడి అడవి, దానితో కలిసిన ముళ్లపొద: మోదుగ, వేప, తుమ్మ, మారేడు, కలివె, బలుసు, సీతాఫలం, ఈత, తాటి, వీటి మధ్య గడ్డి. అయితే ఈ చెట్లన్నీ పుప్పొడి లెక్కలో సమానంగా నిలబడవు. మోదుగ పూలకు పక్షులు వస్తాయి, చింత, మామిడి పూలకు కీటకాలు వస్తాయి. అటువంటి చెట్టు గాలికి వదిలే పుప్పొడి కొద్ది. గాలి మీద ఆధారపడే గడ్డిజాతులు, తుంగ, నెమలినార, ఆముదం మాత్రం విపరీతంగా వెదజల్లుతాయి. బాగ్‌లింగంపల్లి, బషీర్‌బాగ్ పేర్లలో మిగిలిన తోటలు ఎంత పెద్దవైనా, ఎంత నీడ ఇచ్చినా, ఆ మామిడి, జామ, దానిమ్మ చెట్లు చెరువు అడుగున దాదాపు కనిపించకుండా పోయి, వాటి మధ్య ఖాళీలో మొలిచిన గడ్డి ఘనంగా కనిపించడం సహజం. వరి సంగతీ అంతే: వరి పుప్పొడి అడవిగడ్డి పుప్పొడిని పోలి ఉంటుంది గనుక, కట్ట కింద ఏనాడు ఎంత వరి పండిందో తెలియాలంటే ఫైటోలిత్‌లను, అంటే ఆకు కణాల్లో పేరుకుని ఆకు కుళ్లాక కూడా మిగిలే సిలికా రేణువులను చూడాలి. వరి ఆకులోని విసనకర్ర ఆకారపు ఫైటోలిత్‌ను తక్కిన గడ్డి నుంచి వేరుచేయవచ్చు. వేసవిలో ఎండిపోయే చిన్న కుంటల్లో గాలి తగిలి పుప్పొడి పాడైపోయినా సిలికా నిలుస్తుంది గనుక, తెలంగాణ కుంటలన్నిటికీ ఇదే ఎక్కువ నమ్మదగిన సాక్షి.

ఈ ప్రాంతపు చెరువులకు మాత్రమే చెందిన మరో చిక్కు ఉంది. బతుకమ్మ పండుగకు ఇక్కడి ఆడవారు గునుగు, తంగేడు, బంతి, కట్ల పూలను గంపలకొద్దీ పేర్చి, ఆడిపాడి, చివరికి చెరువులోనో కుంటలోనో వదులుతారు. వినాయక నిమజ్జనంలో ఇరవై ఒక్క రకాల పత్రీ, పూలూ నీటిలో కలుస్తాయి. కీటకాల కోసమే పూసే తంగేడు పుప్పొడి మామూలుగా చెరువు అడుగుకు పెద్దగా చేరదు. పూలనే తెచ్చి నీటిలో వేస్తే దండిగా చేరుతుంది. గునుగుతో ప్రమాదం ఇంకా పెద్దది. గునుగు తోటకూర కుటుంబానికి చెందిన మొక్క. బంతిలా గుండ్రంగా, ఒంటినిండా రంధ్రాలతో ఉండే ఆ కుటుంబపు రేణువులను సరస్సు మట్టిలో చూసినప్పుడు వాతావరణ చరిత్రకారులు వాటిని తరచుగా ఎండకూ, ఉప్పునేలకూ, కరువుకూ గుర్తుగా తీసుకుంటారు. తెలంగాణ చెరువులో ఒక పొరలో అవి ఒక్కసారిగా పెరిగితే అది వాన తగ్గిన గుర్తు కావచ్చు, లేదా ఆ ఒడ్డున బతుకమ్మ ఆడిన ఊరు పెరిగిన గుర్తు కావచ్చు. దక్కను చెరువును ఇక్కడి పండుగలు తెలియనివారు చదివితే పొరబడే అవకాశం ఎంత ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఉత్తరాదిలో ఇటువంటి తొందరపాటుకు ఉదాహరణ ఉన్నదే: రాజస్థాన్ ఉప్పుసరస్సుల పుప్పొడి ఆధారంగా గుర్‌దీప్ సింగ్ 1970ల తొలినాళ్లలో హరప్పా నాగరికత ఎదుగుదలకు మంచి వానలనూ, పతనానికి ఎండిన కాలాన్నీ కారణంగా ప్రతిపాదించగా, 1999లో లూణ్‌కరణ్‌సర్ సరస్సును మరింత నిశితంగా కాలనిర్ణయం చేసినవారు అది హరప్పా నగరాలు వర్ధిల్లక ముందే ఎండిపోయిందని చూపారు. సాక్ష్యం సరైనదైనా తేదీ తప్పితే కథ మారిపోతుంది.

తేదీల విషయంలో హుస్సేన్‌సాగర్ వయస్సు ఇబ్బందికరమైనది. కర్బన-14 అర్ధాయువు, అంటే ఆ రేడియోధార్మిక కర్బనం సగానికి తగ్గడానికి పట్టే కాలం, 5,730 ఏళ్లు. వేల ఏళ్ల మట్టికి అది బాగా పనికివచ్చినా గడిచిన మూడు నాలుగు శతాబ్దాలకు ఒకే కొలత పలు తేదీలకు సరిపోయి స్పష్టత ఇవ్వదు. సీసం-210 అర్ధాయువు ఇరవై రెండేళ్లు మాత్రమే కాబట్టి అది నూరూ నూటయాభై ఏళ్లకు మించి వెనక్కి పోదు. వాయుమండలంలో అణ్వాయుధాలను పరీక్షించిన కాలంలో లోకమంతటా రాలిన సీజియం-137 మట్టిలో 1950ల నుంచి కనిపించి 1963 ప్రాంతంలో గరిష్ఠానికి చేరుతుంది. వీటికి స్థానిక గుర్తులను జోడించవచ్చు. 1920ల నాటికే చెరువు ఒడ్డున బొగ్గుతో నడిచిన హుస్సేన్‌సాగర్ థర్మల్ విద్యుత్ కేంద్రం వదిలిన నల్లని గుండ్రటి మసి రేణువులు ఒక పొరగా దొరకాలి. సర్కారు తుమ్మ విత్తనాలు 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతానికి జమైకా నుంచి వచ్చాయి. దాని పుప్పొడి నల్లతుమ్మలా ముద్దగా కాక విడివిడిగా రాలుతుంది గనుక సులువుగా గుర్తుపట్టవచ్చు. అది కనిపించిన పొర ఆ ఏటికన్నా పాతది కావడానికి వీలులేదు. వయ్యారిభామ దేశంలో 1950ల మధ్యలో పుణె దగ్గర మొదట గమనంలోకి వచ్చింది. దాని చిన్ని ముళ్ల రేణువు బంతి రేణువుకన్నా చిన్నది, ముళ్లు పొట్టివి. ఈ మూడు గుర్తులూ తేదీల వరసలో కనిపించిన కోర్ చెదరనిదని నమ్మవచ్చు. తారుమారై కనిపిస్తే ఆ మట్టి ఎప్పుడో తిరగబడిందని అర్థం.

మట్టి తిరగబడటమే ఇక్కడి అసలు సమస్య. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు తెచ్చిన మురుగు, పరిశ్రమల వ్యర్థాలు హుస్సేన్‌సాగర్ పై పొరలను విషపూరితం చేసిన సంగతి అందరికీ తెలిసిందే, ఆ పూడికను తీయడం ప్రజారోగ్యానికి అవసరమే. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసి, అలుగు నీరు అశోక్‌నగర్, దోమలగూడ, నల్లకుంట బస్తీలను ముంచిన తరవాత నాలాను వెడల్పు చేసి లోతు చేయవద్దని ఎవరూ అనలేరు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని సంకల్పించి, తీసిన పూడికను పొలాలకు తరలించింది; నేలకు సత్తువ వచ్చింది, చెరువుకు లోతు వచ్చింది, రెండూ మేలే. 2025లో అంబర్‌పేటలోని బతుకమ్మకుంటను, నగరంలో చెరువులనూ ప్రభుత్వ ఆస్తులనూ కాపాడే సంస్థ హైడ్రా తవ్వించి తిరిగి నీళ్లతో నింపింది. కాని ఒక ట్రాక్టరులో పొలానికి వెళ్లిన కాకతీయుల నాటి ఒండ్రును మళ్లీ పొరలుగా పేర్చడం ఎవరికీ సాధ్యం కాదు, శాసనం పగిలితే ముక్కలైనా మిగులుతాయి గాని పూడిక విషయంలో అదీ మిగలదు.

ఆ పూడిక పోకముందే దాన్ని చదవడానికి కావలసిన నేర్పు నగరంలోనే ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగానికి చెందిన సి. జి. కె. రామానుజం నైవేలి లిగ్నైటులోని కోట్ల ఏళ్ల నాటి పుప్పొడి మొదలు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల తేనెలోని నేటి పుప్పొడి దాకా పరిశీలించారు. తేనెలో తేలిన నేటి రేణువుల జాబితా చెరువు మట్టిలోని పాత రేణువులను గుర్తించడానికి తొలి ఆధారమవుతుంది. ఐసోటోపులను కొలిచే సాధనాలు 1961 నుంచి పనిచేస్తున్న జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థలో, హబ్సిగూడలో ఉన్నాయి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనూ, అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాల్లోనూ వేలాదిమంది యువకులు భూగోళశాస్త్రంలో పురావాతావరణం పాఠాన్ని పరీక్ష కోసం చదువుతున్నారు. వారిలో కొందరు రేపు కలెక్టర్లుగా, నీటిపారుదల శాఖ అధికారులుగా చెరువుల పనులకు సంతకాలు పెడతారు. అప్పుడు చేయవలసిన పని ఖర్చు రీత్యా చిన్నది: ఏ పెద్ద చెరువులోనైనా, ఏ పాత కుంటలోనైనా పూడికతీత యంత్రం దిగే ముందు, చెరువు మధ్య లోతైన చోట అడుగు రాయి తగిలేవరకు రెండు మట్టికడ్డీలు తీయించి, ఒకటి పరిశోధనకు ఇచ్చి, రెండోదాన్ని చల్లని గదిలో భద్రపరచమని టెండరు నిబంధనల్లో ఒక వాక్యం చేర్చాలి. ఆ వాక్యాన్ని హుస్సేన్‌సాగర్‌తోనే మొదలుపెట్టమని ఈ పేటల పౌరులు నగరపాలక సంస్థనూ, హైడ్రానూ, విశ్వవిద్యాలయాన్నీ ఇప్పుడే అడగాలి.